పేపర్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పరిశోధన పేపర్లు, జర్నళ్లు, పీర్ రివ్యూ (పేపర్‌ను ప్రచురించేముందు అదే రంగం తెలిసినవారితో చదివించి అభిప్రాయం తీసుకోవడం) గురించి వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: పేపర్ పంపి తొమ్మిది వారాలైంది. వెబ్‌సైట్‌లో మొదట ‘విత్ ఎడిటర్’ అని, తర్వాత ‘అండర్ రివ్యూ’ అని, ఆపైన ‘రిక్వైర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్’ అని చూపించింది. ఇప్పుడు మళ్లీ వెనక్కెళ్లి ‘అండర్ రివ్యూ’ అంటోంది. ఏదైనా పెద్ద తప్పు దొరికిందా? ఎడిటర్‌కు రాస్తే విసుక్కుంటారా?

జవాబు: తప్పు దొరికిందనుకోనక్కర్లేదు. వచ్చిన రెండు నివేదికలు ఒకదానికొకటి పొసగకపోతే ఎడిటర్ మూడో రివ్యూయర్‌ను పిలుస్తారు. ఆ మనిషి ఒప్పుకోగానే సాఫ్ట్‌వేర్ దానంతటదే ‘అండర్ రివ్యూ’కి తిరిగిపోతుంది. మీకు జరిగింది చాలావరకు ఇదే అయి ఉండాలి. ఆ మాటలు మనుషులు కూర్చుని రాసేవి కావు, యంత్రం వేసే ముద్రలు. వాటి వెనక ఏం నడుస్తుందో తెలిస్తే రోజుకు నాలుగుసార్లు లాగిన్ అయ్యే అవస్థ తప్పుతుంది.

పేపర్ అందగానే మొదట చూసేది శాస్త్రవేత్త కాదు, జర్నల్ కార్యాలయ సిబ్బంది. ఫైళ్లన్నీ ఉన్నాయా, బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా, పదాల పరిమితి దాటిందా, మనుషుల మీదో జంతువుల మీదో చేసిన పనైతే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, డబ్బు ఎవరిచ్చారో రాశారా అని సరిచూస్తారు. ఏదైనా లోపిస్తే వెనక్కి పంపుతారు. అది తిరస్కరణ కాదు, సరిచేసి మళ్లీ పంపితే చాలు. ఐథెంటికేట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పాత ప్రచురణలతో పోల్చడం కూడా ఇక్కడే. అందులో వచ్చే శాతం గురించి లేనిపోని భయం ప్రచారంలో ఉంది. 28 శాతం వచ్చినా అది రిఫరెన్సుల జాబితా, పద్ధతుల భాగంలో అందరూ రాసే వాక్యాలు కలిసి అయినదైతే ఎడిటర్ పట్టించుకోరు. 9 శాతమే వచ్చినా అదంతా ఒకే పేపర్‌లోని చర్చ నుంచి ఎత్తుకొచ్చిందైతే పని అక్కడే ఆగిపోతుంది.

తర్వాత ప్రధాన ఎడిటర్ శీర్షిక, సారాంశం, కవర్ లెటర్, బొమ్మలు చూసి, ముందుకు పంపదగ్గదనిపిస్తే ఆ రంగం తెలిసిన అసోసియేట్ ఎడిటర్‌కు అప్పగిస్తారు. అసలు ఆలస్యం ఇక్కడ మొదలవుతుంది. కావలసింది ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లే. కానీ ఇద్దరు ఒప్పుకోవాలంటే ఆరుగురినో ఎనిమిది మందినో అడగాల్సి రావడం మామూలే. ఇది దాదాపు ఎప్పుడూ జీతం లేని పని. ‘కుదరదు’ అని వెంటనే చెప్పేవాళ్లతో ఇబ్బంది లేదు. ఏ జవాబూ ఇవ్వనివాళ్ల కోసం వారం ఎదురుచూసి, ఆ తర్వాత ఇంకొకరిని అడగాలి. అలా ముగ్గురు మౌనంగా ఉంటే మూడు వారాలు పోయినట్టే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆహ్వానం పంపగానే ‘అండర్ రివ్యూ’ అంటాయి, కొన్ని ఎవరో ఒకరు ఒప్పుకున్నాకే అంటాయి. కాబట్టి ఆ మాట చూసి మీ పేపర్‌ను ఎవరో చదువుతున్నారని తేల్చుకోలేం.

ఒప్పుకున్నవారికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల గడువిస్తారు. గణితంలో నిరూపణను పంక్తి పంక్తీ సరిచూడాలి కాబట్టి ఆరు నెలలు, ఏడాది పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. కావలసినన్ని నివేదికలు చేరగానే ‘రిక్వైర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్’ అని వస్తుంది. అప్పటికి ఎడిటర్ వాటిని తెరిచి ఉండకపోవచ్చు కూడా.

ఇంకో మాట. ఇది ఓటింగు కాదు. రివ్యూయర్లు సలహా ఇస్తారు, నిర్ణయం ఎడిటర్‌ది. ఇద్దరూ ‘చిన్న మార్పులు చాలు’ అన్నా, ఎడిటర్ తనకు కనబడిన లోపం వల్ల తిరస్కరించవచ్చు. ఈ శీర్షికలోని సగం ప్రశ్నలకు మూలం ఈ ఒక్క విషయం తెలియకపోవడమే.

రాస్తే విసుక్కోరు, కానీ సమయం చూసి రాయండి. జర్నల్ తన వెబ్‌సైట్‌లో చెప్పిన సగటు సమయం దాటాక, అలాంటిదేమీ చెప్పకపోతే మూడు నెలలయ్యాక, పేపర్ నంబరు, శీర్షిక, పంపిన తేదీ వేసి ‘సమీక్ష ఏ దశలో ఉందో తెలియజేయగలరు’ అని రెండు వాక్యాలు చాలు. పదోన్నతి, థీసిస్ గడువుల ప్రస్తావన వద్దు. అవి ఎడిటర్ చేతిలో లేనివి.

ప్రశ్న: నాలుగు రోజుల్లోనే, ఎవరికీ పంపకుండానే తిరస్కరించారు. చదవనైనా చదివారా?

జవాబు: మొత్తం చదివి ఉండరు. చదవాల్సిన అవసరం కూడా చాలాసార్లు ఉండదు. దీన్ని డెస్క్ రిజెక్షన్ అంటారు. నేచర్, సైన్స్ లాంటి జర్నళ్లకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలాగే వెనక్కి వెళ్తాయి. నాలుగు నెలలు నాన్చి అదే మాట చెప్పడం కంటే నాలుగు రోజుల్లో చెప్పడమే మేలు.

మొదటి కారణం, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, విషయం ఆ జర్నల్ పరిధిలోకి రాకపోవడం. దీన్ని ముందే పసిగట్టడానికి ఒక చిట్కా ఉంది. మీ రిఫరెన్సుల జాబితాలో ఆ జర్నల్ పేపర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ లేదంటే మీరు మాట్లాడుతున్న సంభాషణ అక్కడ జరగడం లేదన్నమాట. రెండోది, కొత్తదనం కనపడకపోవడం. ‘లేకపోవడం’ అనలేదు, గమనించండి. అది నాలుగో పేజీలో దాక్కుని ఉంటే సారాంశం మాత్రమే చూసే ఎడిటర్‌కు దొరకదు. మూడోది, ఎంత సవరించినా బాగుపడని లోపం. కంట్రోల్ గుంపు (పోల్చి చూడటానికి ఆ మందు గానీ మార్పు గానీ ఇవ్వకుండా ఉంచే గుంపు) లేని ప్రయోగం, వేసిన ప్రశ్నకు సరిపోనంత చిన్న నమూనా అలాంటివి.

కవర్ లెటర్ అంటే సారాంశాన్ని మళ్లీ అతికించడం కాదు. ప్రశ్న ఏమిటి, ఏం తేలింది, అది ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు పనికొస్తుంది, ఈ మూడూ ఒక పేజీ దాటకుండా చెప్పాలి. పోయినసారి తిరస్కరించిన జర్నల్ పేరే ఉత్తరంలో ఉండిపోవడం మీరనుకునే దానికన్నా తరచుగా జరుగుతుంది. పంపేముందు ఒకసారి చూసుకోండి. తిరస్కరణతో పాటు ‘మా మరో జర్నల్‌కు బదిలీ చేస్తాం’ అనే ఆహ్వానం వస్తే, ఒప్పుకునేముందు అక్కడ ప్రచురణ రుసుము ఎంతో కనుక్కోండి.

ప్రశ్న: మేజర్ రివిజన్ వచ్చింది, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమన్నారు. ఇద్దరు రివ్యూయర్లు కలిపి 41 వ్యాఖ్యలు రాశారు. ఒకరు ‘పరిచయం సగానికి తగ్గించండి’ అంటే, రెండోవారు అక్కడే ఇంకో రెండు పేరాలు చేర్చమన్నారు. మొదటివారు కొత్త ప్రయోగం కూడా అడిగారు. ఆ పరికరం మాకు అందుబాటులో లేదు. ఎలా జవాబివ్వాలి?

జవాబు: ముందు రెండు రోజులు దాని జోలికి పోకండి. చదవగానే రాసిన జవాబులో కోపం ఎంత దాచినా బయటపడుతుంది.

తర్వాత అన్ని వ్యాఖ్యలనూ ఒక ఫైల్లోకి తెచ్చుకుని 1.1, 1.2, 2.1 అంటూ నంబర్లు వేయండి. ఒకే వ్యాఖ్యలో మూడు విషయాలుంటే మూడుగా విడగొట్టండి. అప్పుడు 41 కాస్తా 55 అవుతాయి. భయపడొద్దు, వాటిలో ముప్పై దాకా పదం మార్చడం, రిఫరెన్సు చేర్చడం లాంటివే అయి ఉంటాయి. వాటిని ముందు తీసేస్తే మిగిలిన అసలు చిక్కులు తేటపడతాయి.

జవాబు పత్రంలో ప్రతి అంశానికీ మూడు ఉండాలి: వ్యాఖ్య యథాతథంగా, మీ సమాధానం, మార్చిన వాక్యాలు పేజీ, పంక్తి నంబర్లతో సహా. ‘సరిచేశాం’ అని ఒక్క మాటతో వదిలేస్తే రివ్యూయర్ పేపరంతా వెతుక్కోవాలి. వెతికించినందుకు ఇంకో పది వ్యాఖ్యలు రాస్తారు. మార్పులు గుర్తించిన ప్రతి, శుభ్రమైన ప్రతి రెండూ పంపుతారు కదా, ఆ రెంటిలో పంక్తి నంబర్లు వేరుగా ఉంటాయి. మీరిచ్చినవి ఏ ప్రతివో మొదట్లోనే రాయండి. అన్నీ అయ్యాక చివర్లో నంబర్లు మళ్లీ సరిచూడండి, ఎందుకంటే ఆఖరి నిమిషంలో చేర్చిన ఒక్క పేరా కింద ఉన్నవాటన్నిటినీ జరిపేస్తుంది. ‘విలువైన సూచనకు కృతజ్ఞతలు’ అని 55 సార్లు రాయనక్కర్లేదు. పైన ఒకసారి చాలు.

రివ్యూయర్ల మాటలు ఒకదానికొకటి ఎదురైన చోట ముందు ఎడిటర్ ఉత్తరం చదవండి. ఏ మాట పాటించాలో అక్కడ సూచించి ఉండవచ్చు. లేదంటే మీరే ఒక దారి ఎంచుకుని ఇద్దరికీ కారణం చెప్పండి. చాలా జర్నళ్లలో ఇద్దరూ ఒకరి వ్యాఖ్యలు ఒకరు చూస్తారు కాబట్టి ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి చెప్పడం కుదరదు. మీ పరిచయం విషయంలో రెండు మాటలూ నిజానికి ఒకే రోగం లక్షణాలు కావచ్చు: అవసరం లేనిది ఎక్కువై, అవసరమైనది తక్కువై ఉంటుంది. పాత పేరాలు మూడు తీసేసి రెండోవారు అడిగిన నేపథ్యం ఒక పేరాలో చెబితే ఇద్దరూ శాంతిస్తారు. ఎటు తిరిగినా పొసగని తేడా అయితే, సవరణ మొదలుపెట్టక ముందే ఎడిటర్‌కు రాసి అడగండి. అడగడం తప్పు కాదు.

ఇక ప్రయోగం. చేయలేకపోతే చేయలేమనవచ్చు, కానీ ‘పరికరం లేదు’ అన్నది శాస్త్రీయ కారణం కాదు. ఆ ప్రయోగం ఏ సందేహాన్ని తీర్చడానికి అడిగారో ఆలోచించండి. అదే సందేహం ఉన్న డేటాను ఇంకో విధంగా విశ్లేషిస్తే కొంతైనా తీరుతుందా? తీరితే అది చేసి చూపండి. తీరకపోతే మీ ముగింపు స్వరం తగ్గించండి. ‘ఈ మందు వల్ల వాపు తగ్గింది’ అన్నచోట ‘ఈ మందు తీసుకున్నవారిలో వాపు తక్కువగా కనిపించింది’ అని మార్చి, పరిమితుల భాగంలో ఆ ప్రయోగం లేని లోటును ఒప్పుకోండి. అడిగిన ప్రయోగం లేకుండానే ఒడ్డునపడ్డ పేపర్లలో చాలావాటిని కాపాడింది ఇలాంటి వాక్యాలే.

రివ్యూయర్ మీ మాటను తప్పుగా అర్థం చేసుకున్నా ‘మీకు అర్థం కాలేదు’ అనకండి. అంత శ్రద్ధగా చదివిన మనిషికే తప్పుగా అర్థమైతే మామూలు పాఠకుడి సంగతేమిటి? వాక్యం మార్చి, మార్చామని చెప్పండి. శాస్త్రం విషయంలో వారు నిజంగా పొరబడితే, ఆధారం చూపి మర్యాదగా నిలబడండి. 41లో రెండు మూడు చోట్ల విభేదిస్తే ఎవరూ తప్పుపట్టరు. ఒక వ్యాఖ్యను చూడనట్టు దాటేయడం మాత్రం ప్రాణాంతకం. రెండో విడతలో రివ్యూయర్ మొదట వెతికేది దాన్నే.

గడువు సాధారణంగా రెండు మూడు నెలలు. చాలదనిపిస్తే గడువు ముగియకముందే అడగండి. ముగిశాక పంపితే కొత్త పేపర్‌గా లెక్కవేసి మొదటికి తెచ్చే జర్నళ్లున్నాయి.

ప్రశ్న: రివ్యూయర్ ఐదు పేపర్లు ఉదహరించమన్నారు. ఐదింటిలోనూ ఒకే రచయిత పేరుంది. ఎవరో ఊహించడం కష్టం కాలేదు. కాదంటే పేపర్ పోతుందా?

జవాబు: ఐదూ చదవండి. నిజంగా సంబంధమున్నది ఒకటో రెండో ఉంటే చేర్చండి. మిగతావి మీ ప్రశ్నకు సంబంధించినవి కావని జవాబు పత్రంలో ఒక్క వాక్యంలో చెప్పండి. ‘ఇవన్నీ మీవే కదా’ అని అక్కడ రాయవద్దు. ఆ మాట ఎడిటర్‌కు విడిగా రాసే ఉత్తరంలో ఉండాలి. ఎడిటర్‌కు రివ్యూయర్ పేరు తెలుసు కాబట్టి సరిచూసుకోవడం క్షణంలో పని. తమ ఉదహరణల సంఖ్య పెంచుకోవడానికే పేపర్లు సూచించకూడదని ప్రచురణ నైతికత కమిటీ ‘కోప్’ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఒక్కోసారి ఆ రంగంలో పనిచేసేది నిజంగా ఆ ఒక్కరే కావచ్చు. అందుకే ముందు చదవమంటున్నాం.

ప్రశ్న: నేను శాస్త్రవేత్తను కాను. పత్రికల్లో ‘పీర్ రివ్యూ అయిన అధ్యయనం’ అని రాస్తే దాన్ని నిజమని నమ్మవచ్చా?

జవాబు: ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదివి, అందులో రాసినదాన్ని బట్టి చూస్తే పద్ధతి సబబుగానే ఉందన్నారని అర్థం. అంతకుమించి కాదు. రివ్యూయర్ ప్రయోగశాలకు వెళ్లరు, ప్రయోగం మళ్లీ చేయరు, చాలాసార్లు అసలు డేటా కూడా చూడరు. ఎదురుగా ఉన్న పేపర్ అబద్ధం చెబుతోందేమో అన్న అనుమానంతో చదవరు. రచయిత నిజాయితీపరుడనే నమ్మకంతోనే మొదలుపెడతారు.

2020లో ఏం జరిగిందో చూడండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల కోవిడ్ రోగులకు హాని అంటూ మే 22న లాన్సెట్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు అని అంకెలిచ్చారు. బయటి పరిశీలకులు డేటా చూపమంటే దాన్ని సేకరించిన సర్జిస్ఫియర్ సంస్థ ఇవ్వలేదు. జూన్ 4న పేపర్ ఉపసంహరించారు. రెండు వారాలైనా నిలవలేదు. రివ్యూయర్లు అజాగ్రత్తగా ఉన్నారనే లోపే, వాళ్ల చేతిలో ఉన్నది పట్టికలే తప్ప రోగుల రికార్డులు కావని గుర్తుపెట్టుకోవాలి.

కళ్లెదుట ఉన్న తప్పులైనా పట్టుకుంటారా అంటే, దాన్నీ పరీక్షించి చూశారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ వాళ్లు ఒక పేపర్‌లో కావాలని ఎనిమిది లోపాలు చొప్పించి 420 మంది రివ్యూయర్లకు పంపారు. 221 మంది నివేదికలిచ్చారు. సగటున ఒక్కొక్కరు పట్టుకున్నవి రెండు. ఈ ఫలితం 1998లో వెలువడింది. 2014లో నిప్స్ అనే పెద్ద కృత్రిమ మేధ సదస్సు (ఇప్పుడు న్యూరిప్స్ అంటున్నారు) 166 పేపర్లను రెండు వేర్వేరు కమిటీలకు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇచ్చింది. 43 పేపర్ల విషయంలో ఒక కమిటీ అవునంటే రెండోది కాదంది.

అయితే ఇది దండగ అనుకోవడమూ తప్పే. రివ్యూ వల్ల బయటికి కనపడని మేలు ఎక్కువ: అతిశయోక్తులు తగ్గుతాయి, దాచిన పద్ధతుల వివరాలు బయటికొస్తాయి, తప్పుడు గణాంక పరీక్షలు మారతాయి. అందుకే ఒక్క పేపర్ చూసి అలవాట్లు మార్చుకోకండి. అదే ఫలితం సంబంధం లేని వేరే బృందాలకూ వచ్చిందేమో చూడండి. ‘ప్రీప్రింట్’ అని రాసి ఉంటే ఇంకా రివ్యూ కాలేదని అర్థం. 1991లో మొదలైన ఆర్కైవ్ లాంటి వేదికల్లో ఎవరైనా చదువుకునేలా ముందుగా పెట్టిన ప్రతి అది.

ప్రశ్న: డబుల్ బ్లైండ్ జర్నల్‌కు పంపుతున్నాను. పేర్లు తీసేస్తే చాలా?

జవాబు: చాలదు. సింగిల్ బ్లైండ్ పద్ధతిలో రివ్యూయర్ పేరు మాత్రమే దాస్తారు. డబుల్ బ్లైండ్‌లో మీరెవరో కూడా వారికి తెలియకూడదు. పేరు బయటపడేది ఎక్కువగా మొదటి పేజీలో కాదు. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు ఉండిపోతుంది. ఫైల్ పేరే మీ ఇంటిపేరుతో ఉంటుంది. కృతజ్ఞతల పేరా, గ్రాంట్ నంబరు, ఎథిక్స్ కమిటీ ఉన్న సంస్థ పేరు, కోడ్ పెట్టిన గిట్‌హబ్ లింక్, ఫొటోలో వెనక కనిపించే బోర్డు, ఇవన్నీ చూసుకోవాలి. ‘మా గత పేపర్‌లో చూపినట్టు’ అనకుండా మీ పాత పేపర్‌ను కూడా పరాయివారిదాన్ని ప్రస్తావించినట్టే ప్రస్తావించండి. పూర్తిగా తీసేస్తే మాత్రం ఆధారం లేని వాక్యం మిగులుతుంది. చిన్న రంగాల్లో ఎంత దాచినా పోల్చుకుంటారు, దానికి మందు లేదు.

దీనికి ఎదురు దారిలో నడుస్తున్న జర్నళ్లూ ఉన్నాయి. నేచర్ 2025 జూన్ నుంచి కొత్తగా వచ్చే పేపర్లు ప్రచురితమైనప్పుడు వాటితో పాటు రివ్యూయర్ల నివేదికలు, రచయితల జవాబులు కూడా బయటపెడుతోంది. రివ్యూయర్ ఒప్పుకుంటే తప్ప పేరు వేయరు. ఈలైఫ్ అయితే 2023 నుంచి రివ్యూకు తీసుకున్న పేపర్ మీద ‘అంగీకారం, తిరస్కారం’ అనే తీర్పే మానేసి, సమీక్షలతో సహా ప్రచురిస్తోంది. మొదటిసారి జవాబు పత్రం రాసేవాళ్లు ఇలా బయటపెట్టిన నివేదికలు ఒక పది చదివితే చాలా నేర్చుకుంటారు.

ప్రశ్న: పేపర్ పంపేటప్పుడు నలుగురు రివ్యూయర్ల పేర్లు సూచించమంటున్నారు. మా గైడ్ పేరు ఇవ్వొచ్చా? పడనివాళ్లను వద్దనొచ్చా?

జవాబు: గైడ్ పేరు వద్దు. ఇటీవలి మూడు నుంచి ఐదేళ్లలో మీతో కలిసి పేపర్ రాసినవారు, మీ సంస్థవారు, ఒకే గ్రాంట్‌లో ఉన్నవారు కూడా వద్దు. మీ పేపర్‌లో రెండు మూడు చోట్ల ఎవరి పని మీద ఆధారపడ్డారో వాళ్లే సరైనవాళ్లు. పేరు మోసిన పెద్దలు ఎలాగూ ఒప్పుకోరు. వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేసి ఇప్పుడు సొంత బృందం నడుపుతున్నవాళ్లు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. సంస్థ ఇచ్చిన ఈమెయిల్ చిరునామానే ఇవ్వండి.

ఈ చివరి మాటకు కారణముంది. కొందరు రచయితలు నిజమైన శాస్త్రవేత్తల పేర్లు ఇచ్చి, పక్కన తాము సృష్టించిన ఈమెయిల్ పెట్టి, తమ పేపర్‌ను తామే మెచ్చుకున్నారు. కొన్నిచోట్ల డబ్బు తీసుకుని ఈ పని చేసిపెట్టే ముఠాలూ తయారయ్యాయి. 2017లో ట్యూమర్ బయాలజీ అనే జర్నల్ నుంచి ఇలాంటి నకిలీ సమీక్షల కారణంగా 107 పేపర్లను స్ప్రింగర్ ఒక్కసారే ఉపసంహరించింది. అప్పటి నుంచి ఉచిత మెయిల్ చిరునామా కనిపిస్తే ఎడిటర్లకు అనుమానమే. వద్దనుకునేవాళ్ల పేర్లు ఇవ్వొచ్చు, ఒకటి రెండు మాత్రమే, ఒక్క పంక్తి కారణంతో. ఎనిమిది పేర్లిస్తే, ఆ ఎనిమిది మందీ ఏమంటారో తెలుసుకోవాలని ఎడిటర్‌కే అనిపిస్తుంది.

ప్రశ్న: ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది? ఐన్‌స్టీన్ పేపర్లు కూడా రివ్యూ చేశారా?

జవాబు: రాయల్ సొసైటీ వారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ 1665లో మొదలైనప్పుడు ఏది వేయాలో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఒక్కరే తేల్చేవారు. 1752లో సొసైటీ దాన్ని తన చేతుల్లోకి తీసుకుని ఒక కమిటీకి అప్పగించింది. బయటివారికి తప్పనిసరిగా పంపడం అన్నది మాత్రం నిన్న మొన్నటి సంగతి. నేచర్ దాన్ని నియమంగా పెట్టుకున్నది 1973లో. 1953లో డీఎన్ఏ నిర్మాణం గురించిన వాట్సన్, క్రిక్‌ల పేపర్ అలాంటి రివ్యూ లేకుండానే అందులో వచ్చింది.

ఐన్‌స్టీన్ కథ సరదాగా ఉంటుంది. 1936లో ఆయన, నాథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు లేవని వాదిస్తూ ఫిజికల్ రివ్యూకు ఒక పేపర్ పంపారు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని రిఫరీకి (రివ్యూయర్‌కే ఇంకో పేరు) పంపి, వచ్చిన అభ్యంతరాలను ఐన్‌స్టీన్‌కు చేరవేశారు. అచ్చుకు ముందే పరాయివారికి చూపడానికి తాను అనుమతివ్వలేదని ఐన్‌స్టీన్ కోపంతో పేపర్ వెనక్కి తీసుకుని, ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌కు పంపారు. 1937లో అది అచ్చయ్యే నాటికి ముగింపు తలకిందులై ఉంది. రిఫరీ చెప్పిందే ఒప్పు. ఆయన హోవర్డ్ రాబర్ట్‌సన్ అని చాలా ఏళ్ల తర్వాత జర్నల్ పాత రికార్డులు చూస్తే తేలింది.

ప్రశ్న: ‘మూడు రోజుల్లో పీర్ రివ్యూ, వారంలో ప్రచురణ’ అని మెయిల్ వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: వద్దు. పైన చెప్పిన పనులు మూడు రోజుల్లో అయ్యేవి కావు. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే విలేకరి, ఘోరమైన తప్పులున్న ఒక కల్పిత పేపర్‌ను రకరకాల రూపాల్లో 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకోగల) జర్నళ్లకు పంపితే 157 అంగీకరించాయి, 98 తిరస్కరించాయి. రుసుము అడగడమే మోసానికి గుర్తు కాదు, మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లూ తీసుకుంటాయి. ఎడిటోరియల్ బోర్డులోని ఇద్దరికి మెయిల్ చేసి, నిజంగా ఉన్నారా అని అడగండి. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా అయిన డీఓఏజేలో జర్నల్ ఉందేమో, వెబ్ చిరునామా అక్షరం తేడా లేకుండా అదేనా చూడండి. మంచి జర్నల్ పేరునే పెట్టుకున్న దొంగ సైట్లూ ఉన్నాయి.

ప్రశ్న: ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపితే సమయం కలిసొస్తుంది కదా?

జవాబు: పంపకూడదు. రెండుచోట్లా కలిపి నలుగురైదుగురి శ్రమ వృథా అవుతుంది. చిన్న రంగమైతే రెండు జర్నళ్లూ ఒకే రివ్యూయర్‌ను అడుగుతాయి, ఆ పూటే దొరికిపోతారు. మార్చుకోవాలనుకుంటే మొదటి జర్నల్‌కు ఉపసంహరణ లేఖ రాసి, వారి అంగీకారం అందాకే రెండోదానికి పంపండి.

ప్రశ్న: మొదటిసారి నన్నే రివ్యూ చేయమని అడిగారు. ఎలా చేయాలి? చాట్‌బాట్ సాయం తీసుకోవచ్చా?

జవాబు: ముందు రెండు మూడు రోజుల్లో అవునో కాదో చెప్పండి. రచయితల్లో మీ సహ రచయితలు, మిత్రులు, నేరుగా పోటీ పడుతున్నవాళ్లు ఉంటే ఎడిటర్‌కు చెప్పి తప్పుకోండి. పేపర్‌లో సగమే మీకు తెలిసిన విషయమైతే ఒప్పుకోవచ్చు, కానీ ఏ సగం చూశారో, దేని మీద వ్యాఖ్యానించలేదో రాయాలి.

మొదటిసారి చేసేవారికి ఆరు నుంచి పది గంటలు పట్టవచ్చు. ఒకసారి ఆగకుండా చదివి, ఈ పేపర్ ఏం చెబుతోందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. రాయలేకపోతే లోపం మీదో, పేపర్‌దో తేల్చుకోవాలి. రెండోసారి పద్ధతులు, బొమ్మలు, పట్టికలు ముందు, చర్చ చివర చదవండి. చర్చ ముందు చదివితే రచయిత కళ్లద్దాలు మీకూ పడతాయి. సారాంశంలోని ప్రతి అంకె పట్టికల్లో దొరుకుతుందా, ఎంతమందితో మొదలై ఎంతమందితో ముగిసింది, మధ్యలో పోయినవాళ్లు ఏమయ్యారు, ముందు అనుకున్న కొలతనే చివర్లో నివేదించారా అన్నవి చూడండి. బొమ్మల్లో ఒకే చిత్రం రెండుచోట్ల, తిప్పి గానీ కత్తిరించి గానీ, వచ్చిందేమో గమనించండి. ఎలిజబెత్ బిక్ బృందం 20,621 బయోమెడికల్ పేపర్లు పరిశీలించి, వాటిలో 3.8 శాతంలో ఇలాంటి అనుమానాస్పద చిత్రాలున్నాయని 2016లో చెప్పింది.

నివేదికలో మొదట మీ నాలుగు వాక్యాల సారాంశం, తర్వాత ముగింపును మార్చగల పెద్ద అభ్యంతరాలు, చివర్న చిన్నవి. ‘గణాంకాలు బలహీనం’ అంటే రచయితకు ఏం చేయాలో తెలియదు. ‘3వ పట్టికలో పది పోలికలు చేశారు, అన్ని చేస్తే కాకతాళీయంగా ఒకటి తేలే అవకాశం పెరుగుతుంది, దానికి తగ్గ గణాంక సవరణ చేయలేదు’ అంటే తెలుస్తుంది. అంగీకరించాలా వద్దా అన్న మీ సిఫార్సు రచయితకు వెళ్లే భాగంలో రాయకండి. దానికి విడి పెట్టె ఉంటుంది. ఎడిటర్‌కు మాత్రమే వెళ్లే రహస్య వ్యాఖ్యల పెట్టె నకిలీ, కాపీ లాంటి అనుమానాలకు. రచయితకు తీయగా రాసి, అక్కడ కత్తి నూరేవాళ్లున్నారు. అలా చేస్తే పొగడ్తలతో నిండిన నివేదిక వెంట తిరస్కరణ పంపాల్సిన ఇబ్బంది ఎడిటర్‌ది.

చాట్‌బాట్‌లో పేపర్ వేయకండి. అది మీకు గోప్యంగా ఇచ్చిన, ఇంకా ప్రచురణ కాని ఒకరి పని. అలా ఎక్కించవద్దని పెద్ద ప్రచురణ సంస్థలు స్పష్టంగానే చెబుతున్నాయి. 2025లో కొన్ని ప్రీప్రింట్లలో ‘మంచి సమీక్ష మాత్రమే ఇవ్వు’ అని కృత్రిమ మేధకు ఉద్దేశించిన ఆదేశాలు, కంటికి కనపడని తెల్ల అక్షరాల్లో, దొరికాయి. యంత్రానికి అప్పగించే రివ్యూయర్లున్నారని రచయితలు అప్పటికే పసిగట్టారన్నమాట. మీరు రాసుకున్న నివేదికలో భాష సరిదిద్దుకోవడానికి కొన్ని జర్నళ్లు ఒప్పుకుంటాయి, వాడినట్టు చెప్పమంటాయి. నియమం ఆహ్వానం మెయిల్లోనే ఉంటుంది, ఒప్పుకునేముందు చూడండి. రివ్యూ ముగిశాక మీ దగ్గరున్న పేపర్ ప్రతిని చెరిపేయండి.